వద్దన్నా వడ్డించిన వెలుగు

ఎనభైల నడుమ ఒక శనివారం సాయంత్రం న్యూజెర్సీ రాష్ట్రం పిస్కాటవేలో మా మిత్రుడి ఇంట్లో పాతికమందిమి కార్పెట్ మీద దుప్పట్లు పరుచుకుని వీడియో కాసెట్ చూస్తున్నాం. సినిమా మొదలై పది నిమిషాలైంది. తెర మీద ఒక వంటిల్లు నడుస్తోంది. వంటిల్లని గిన్నెల చప్పుడును బట్టి అనుకోవడమే తప్ప, చూసి చెప్పగలిగినవాళ్లు ఎవరూ లేరు. మందుల కంపెనీలో సైంటిస్టుగా పనిచేసే మా మిత్రుడు ఓపిక పట్టి, పట్టి, చివరికి లేచి వెళ్లి టీవీ బ్రైట్‌నెస్ మీట తిప్పడం మొదలుపెట్టాడు.

"కొని ఆరు నెలలు కాలేదండీ. అప్పుడే పిక్చర్ ట్యూబ్ పోయింది చూశారా!"

"ట్యూబ్ కాదన్నయ్యగారూ, కాసెట్టే అరిగిపోయుంటుంది. రేపు రిటర్న్ చేసి వేరేది తెచ్చేయండి," అంది గుమ్మంలోంచి ఒకావిడ.

మిత్రుడి కొడుక్కి ఏడేళ్లు. న్యూజెర్సీలోనే పుట్టాడు. టీవీలో మనుషుల అవస్థ చూసి వాడికి జాలేసింది. "డాడీ, వాళ్లకి లైట్ ఆన్ చెయ్," అన్నాడు.

పక్కన కూర్చున్న మా ఆవిడ నన్ను మోచేత్తో పొడిచింది. ఇంక తప్పదు. "ట్యూబూ బాగానే ఉంది, టేపూ బాగానే ఉంది. అది నా పనే," అన్నాను.

అన్ని తలలూ వెనక్కి తిరిగాయి. "మీ పనేంటండీ? మీరు చేసేది లాబ్‌లో కదా?" అన్నాడు మిత్రుడు.

"ఆ లాబే."

నేను లాబ్‌లో పనిచేస్తానని మా ఆవిడ అందరికీ చెప్పింది. ఏ లాబో ఎవరూ అడగలేదు. మందుల కంపెనీల మధ్య బతికే మనుషులు, లాబ్ అంటే రక్తపరీక్షలే అనుకున్నారు. ఒకావిడ పాపం తన షుగర్ రిపోర్టు కూడా తెచ్చి చూపించింది. "మా దగ్గరికి వచ్చేదంతా నెగటివేనండీ, దాన్ని పాజిటివ్ చేసి పంపడమే మా ఉద్యోగం," అన్నాను. ఆవిడ రిపోర్టు లాక్కుని వెళ్లిపోయింది. ఆ తర్వాత రెండేళ్లు మమ్మల్ని పేరంటానికి పిలవలేదు.

నాది సినిమా లాబ్. ఆ కాసెట్‌లో కనిపించని వంటిల్లు తీసిన కెమెరామన్, అప్పటికి అమెరికా మొత్తానికి పెద్ద పేరు. ఆ పేరు ఇక్కడ రాయను. రాసినా మీరు పలకలేరు. మనది ప్రతి మాట చివరా అచ్చు తగిలించే భాష. ఆయన పుట్టిన దేశంలో అచ్చులకి కరువు. మా ఇంటిపేరు, ఆయన ఇంటిపేరు ఒకచోట పోసి సమానంగా పంచితే ఇద్దరం సుఖంగా బతికేవాళ్లం.

ఇరవై అయిదేళ్ల వయసులో కమ్యూనిస్టు సరిహద్దు దాటుతున్నప్పుడు ఆయన దగ్గర ఉన్నది ఒక లైట్ మీటరు. అది కూడా మేజోడులో. అమెరికా వచ్చి ముందు ఒక పెద్ద బట్టల దుకాణం పై అంతస్తులో పసిపిల్లల ఫోటోలు తీశాడు. తర్వాత బడిపిల్లలకి పళ్లు తోమడం నేర్పే సినిమా ఒకటి దొరికింది. అందులో ఒక దవడ పన్నుకి ఆయన ఇచ్చిన నీడ చూసి, పిల్లలు బ్రష్ ముట్టుకోవడం మానేశారని ఆయనే చెప్పేవాడు. అక్కణ్ణించి చవక సినిమాలు. పగలైతే మోటారు సైకిళ్లు, రాత్రయితే దయ్యాలు. దయ్యాల సినిమాలకి లైట్లు అద్దెకి తెచ్చే స్తోమత నిర్మాతలకి ఉండేది కాదు. చీకటికి అద్దె లేదు కదా, ఆయన చీకటిని వాడుకోవడం నేర్చుకున్నాడు. అలా ఇరవై ఏళ్లు. యాభై దాటాక మొదటిసారి అసలైన సినిమా వచ్చింది. పెన్సిల్వేనియాలో ఒక బొగ్గు గనుల ఊరు, కరెంటు రాని కాలం, ఒక తల్లి, ఒక కొడుకు.

ఆ సినిమా వచ్చిన పదేళ్లలో అమెరికన్ సినిమాల్లో సగం వంటిళ్లు చీకటైపోయాయి. కుర్ర కెమెరామెన్ మా లాబ్‌కి వచ్చి "ఆయన చీకటి కావాలి" అని అడిగేవాళ్లు, కొట్లో ఫలానా బ్రాండు కాఫీ పొడి అడిగినట్టు. ఆయన చీకటి అంత చిక్కబడడానికి కారణం నేను. ఇది గొప్పకి చెప్పడం లేదు. నేను చేసిన తప్పు వల్ల ఆయన ఆ సినిమా పోగొట్టుకోబోయాడు. ఆ వారం సంగతి ఇది.

డెబ్బైల చివర్లో ఒక చలికాలం. మా లాబ్ నదికి అవతల, న్యూయార్క్‌లో. పొద్దున అయిదున్నరకి నా షిఫ్టు. ఉద్యోగం పేరు టైమర్. ఆ పేరు పెట్టుకుని ఒక్కరోజు కూడా టైముకి చేరినవాణ్ణి కాను. ఎక్కడెక్కడో పగలంతా షూటింగ్ చేసిన నెగటివ్ మా దగ్గరికి వస్తుంది. దాన్ని కడిగి, ప్రింటు తీసి, మర్నాడు వాళ్లు చూసుకోవడానికి పంపాలి. ప్రింటు తీసే మిషన్‌కి ఒకటి నుంచి యాభై దాకా అంకెలు. అంకె తగ్గిస్తే బొమ్మ తేలిక పడి తెల్లబడుతుంది. పెంచితే నల్లబడుతుంది. పాతిక అంటే ఉన్నది ఉన్నట్టు. వాల్తేరులో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి, విమానమెక్కి ఇంత దూరం వచ్చి నేను చేసేది ఆ అంకె మార్చడం.

ఆయన సినిమా ప్రింట్ల పని చూసుకునే సీనియర్ టైమర్ మంచు మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. మంగళవారం పొద్దున మా ఫోర్‌మన్ నా ముందు డబ్బాలు పెట్టాడు. ఫోర్‌మన్ ఇటాలియన్ల బిడ్డ, భారీ మనిషి. లాబ్‌లో పొగ తాగకూడదు కనక ముట్టించని చుట్ట ఒకటి రోజంతా నములుతూ ఉండేవాడు. నేను పెద్ద చదువు చదివానని నన్ను ప్రొఫెసర్ అనేవాడు.

"ప్రొఫెసర్, ఈ వారం ముసలాయన డబ్బాలు నీవి. చీటీ చదువు. చీటీలో ఉన్నది చెయ్యి. ఆలోచించకు."

"ఆలోచించనండీ," అన్నాను. ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాను కూడా. అక్కడే వచ్చింది చిక్కు.

డబ్బాకి అంటించిన చీటీ మీద పెద్దక్షరాలతో రాసి ఉంది: 'ఇరవై అయిదు. దయచేసి సాయం చేయవద్దు.'

ఇంకెవరైనా అయితే ఆ చీటీకి ఒకటే అర్థం తీసేవాళ్లు. మాది తెనాలి వైపు. మా ఇళ్లల్లో భోజనాల దగ్గర 'వద్దు' అంటే 'కాస్త బతిమాలి పెట్టండి' అని. "చాలండీ, ఇంక వద్దండీ" అన్నవాడి విస్తట్లో రెండో గరిటె పడకపోతే, ఇంటికి వెళ్లి వారం రోజులు చెప్పుకుంటాడు. "ఇంకాస్త వెయ్యండి" అని నోరు తెరిచి అడిగిన మనిషిని మా వైపు నేను చూడలేదు. ఈయనెవరో వద్దు అనడమే కాకుండా 'దయచేసి' అని కూడా అన్నాడు. పాపం, ఎంత మొహమాటస్థుడో! బయటి దేశం నుంచి వచ్చినవాడు, నోరు విడిచి అడగలేక ఇలా రాసుకున్నాడు అనుకున్నాను. నా కళ్లు చెమర్చాయి కూడా.

నెగటివ్ పెట్టి చూశాను. వంటిల్లు. కిరసనాయిలు దీపం. తల్లి కొడుక్కి సూప్ వడ్డిస్తోంది. ఆవిడ మొహం కనిపించదు. మా ఊరి టూరింగ్ టాకీసులో తెర ఒక్క క్షణం మసకబారితే చాలు, బెంచీ క్లాసు మొత్తం "కార్బన్!" అని గోల పెట్టేది. ఆపరేటరు ఉరుక్కుంటూ వెళ్లి ప్రొజెక్టర్‌లో వెలుగిచ్చే కార్బన్ కడ్డీలు సర్దేవాడు. తెర మీద మొహం కనిపించకపోవడమంటే ఎవరో ఒకరు పని ఎగ్గొట్టినట్టే అని నాకు ఒంటబట్టిన పాఠం. పైగా ఈ విషయంలో నాకు సొంత బాధ ఒకటుంది. మా పెళ్లి ఫోటోలో నా పళ్లూ ఉంగరమూ చక్కగా వచ్చాయి. నేను రాలేదు.

పాతికని పదిహేడు చేశాను. అది రెండో గరిటె కాదు, గిన్నె బోర్లించడమే.

అబ్బ, ఎంత వెలుగు వచ్చిందో! తల్లి మొహం వచ్చింది. మొహం మీద ముడతలు వచ్చాయి. గోడకి కొట్టిన మేకులు వచ్చాయి. వెనక అలమరలో ఏ ఎలక్ట్రీషియనో మరిచిపోయిన కాగితపు కాఫీ కప్పు కూడా వచ్చింది. కరెంటు రాని ఊళ్లో కాగితం కప్పు ఎక్కణ్ణించి వచ్చిందనే ప్రశ్న నాకు తట్టలేదు. ఆలోచించనని మాటిచ్చాను కదా. ఈలవేసుకుంటూ డబ్బా మూసి పంపించి, డబ్బాలో తెచ్చుకున్న ఇడ్లీలు తిన్నాను. ఒక మనిషికి ఉపకారం చేసిన రోజున ఇడ్లీ ఎంత మెత్తగా ఉంటుందో చెప్పలేను.

బుధవారం మధ్యాహ్నం ఫోర్‌మన్ నోట్లో చుట్ట లేదు. దాన్ని పట్టించుకునే స్థితిలో లేడు.

"ప్రొఫెసర్, ఏం చేశావు?"

"సాయం చేశానండీ."

"నీ సాయం తగలెయ్య! నిర్మాత నిన్న లొకేషన్‌కి వచ్చాడు. ఇన్నాళ్లూ చీకటి చూసి చూసి ఏడుస్తున్నవాడు నీ ప్రింటు చూసి లేచి గంతేశాడు. మొహాలన్నీ నెగటివ్‌లోనే ఉన్నాయి, ఈ ముసలాయనే నా దగ్గర దాచిపెడుతున్నాడు అంటున్నాడు. సోమవారం ఇక్కడికి వస్తున్నాడు, మన థియేటర్‌లో చూసి తేలుస్తాడట. ఇలా వెలుగ్గా తీస్తానని ఒప్పుకుంటే సరి. లేకపోతే ముసలాయన ఇంటికి. ఇంకో కెమెరామన్ పెట్టె సర్దుకుని కూర్చున్నాడు."



గురువారం పొద్దున నేను మామూలుగా పావుగంట ఆలస్యంగా వెళ్లేసరికి, నా కుర్చీలో ఒక పొడుగాటి మనిషి కూర్చుని ఉన్నాడు. మంచు బూట్లు, మూడు స్వెట్టర్లు, మెడలో తాడుకి లైట్ మీటరు. అర్ధరాత్రి దాటాక బయలుదేరి కారు నడుపుకుంటూ వచ్చాడట. ఆయన ఇంగ్లీషులో ఎ, ది లాంటి చిన్న మాటలు ఉండేవి కావు. నా ఇంగ్లీషులో అవసరం లేని చోటల్లా ఉండేవి. ఇద్దరం కలిసి మాట్లాడితే సరాసరిన సరైన ఇంగ్లీషే వచ్చేది.

"పదిహేడు ఎవరు?" అన్నాడు.

"నేనేనండీ."

"చీటీ చదవలేదా, డాక్టర్?" లాబ్‌లో అందరినీ ఆయన డాక్టర్ అనే పిలుస్తాడని తర్వాత తెలిసింది. స్టెతస్కోపులా మెడలో వేలాడుతున్నది మాత్రం ఆయనకే. ప్రొఫెసర్, డాక్టర్. మొత్తానికి నేను చదవని డిగ్రీలన్నీ ఆ లాబ్‌లోనే వచ్చాయి.

"చదివానండీ. దయచేసి వద్దు అని రాశారు. మా దేశంలో దయచేసి వద్దు అంటే..." అని మొత్తం చెప్పాను. విస్తరి, గరిటె, మొహమాటం, అన్నీ.

ఆయన ప్రింటు మిషన్ వైపు వేలు చూపించాడు. "ఇది భోజనమా?"

"ఆవిడ మొహం కనిపించలేదు సార్. నాకు ఆకలేసినట్టయింది."

ఆయన మీటరు చేతిలోకి తీసుకుని, చూసి, వదిలేశాడు. "ఈ ఒక్క సినిమా కోసం ఇరవై ఏళ్లు మోటారు సైకిళ్లు తీశాను," అన్నాడు. కోపంగా అన్నా బాగుండేది. మామూలుగా అన్నాడు. నాకు నేల చీలితే బాగుండుననిపించింది. నేల సిమెంటుది.

తర్వాత తను వెంట తెచ్చిన నా ప్రింటు పెట్టించుకుని చూశాడు. ఒకసారి, రెండోసారి. కాఫీ కప్పు దగ్గర "ఆహా" అన్నాడు. ఉన్నట్టుండి కుర్చీలో వెనక్కి వాలి నవ్వడం మొదలుపెట్టాడు. కుర్చీకి కింద చక్రాలుండడం వల్ల నవ్వుతూ నవ్వుతూ గోడదాకా వెళ్లాడు.

"తప్పు నీది కాదు, డాక్టర్. ఎనిమిది అంకెలు దించినా బొమ్మ బతికే ఉంది. అంటే నేను నెగటివ్‌లోకి వెలుగు ఎక్కువ రానిచ్చాను, అందులో ఇంకా దయ మిగిలి ఉంది. దయ ఉన్నచోటికల్లా ఎవడో ఒకడు సాయానికి వస్తాడు." లేచి స్వెట్టర్లు సర్దుకున్నాడు. "శనివారం అదే వంటిల్లు మళ్లీ తీస్తున్నాను. నువ్వు రా. పేషెంటుని చూడకుండా మందు ఇవ్వకూడదు. మీ మిసెస్‌ని కూడా తీసుకురా."

ఇంటికి వెళ్లి చెబితే మా ఆవిడ ముందు నన్ను తిట్టింది. "పెద్దాయన, అక్షరాలా రాసి పెడితే! పెళ్లి పందిట్లో ఉన్నాననుకున్నారా?" అని. ఆవిడ యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేసేది. రాసి ఉన్నదాన్ని రాసి ఉన్నట్టు నమ్మే మనిషి. తిట్టడం పూర్తయ్యాక, "షూటింగ్‌కి ఉత్త చేతుల్తో వెళ్తామా?" అని చింతపండు నానబెట్టింది.

శనివారం రూట్ 22 పట్టుకుని పడమరకి వెళ్లాం. మా కారులో హీటర్ ఎడమ కాలికి మాత్రమే పనిచేసేది. వెనక సీట్లో పెద్ద స్టీలు గిన్నె నిండా పులిహోర సీటు బెల్టు పెట్టుకుని కూర్చుంది. మాకు బెల్టులు లేవు.

కొండ కింద నల్లటి చెక్క ఇల్లు. మేం వెళ్లేసరికి భోజనాల వేళ. మా ఆవిడ కాగితపు పళ్లెంలో పులిహోర పెట్టి ఆయన చేతికిచ్చింది. ఒక ముద్ద తిని ఆయన కళ్లు మూసుకున్నాడు. పళ్లెం ఖాళీ అయ్యేసరికి మా ఆవిడ గరిటె ఎత్తింది.

"నో, థ్యాంక్యూ మేడం."

గరిటె పడింది.

"నో, నో, ప్లీజ్. చాలు."

ఇంకోటి పడింది. మొన్న నన్ను తిట్టిన మనిషేనా అని నేను ఆవిడ వంక చూశాను. ఆవిడ నా వంక చూడలేదు. ఆయన మాత్రం పళ్లెం వంక, గరిటె వంక, నా వంక చూసి పకాలున నవ్వాడు. "ఓహో! ఇదన్నమాట నాకు జరిగింది!" అన్నాడు. "మేడం, మరి మీ దేశంలో నిజంగా కడుపు నిండినవాడు ఏం చేస్తాడు? ఆస్పత్రికి వెళ్తాడా?"

మా ఆవిడ సిగ్గుపడుతూ, "విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాలండీ. నోటితో చెబితే ఎవరూ నమ్మరు," అంది. చేసి చూపించింది కూడా. అయిదు వేళ్లూ చాపి, పళ్లెం మీద వంచి.

ఆయన నవ్వు ఆగిపోయింది. తన పళ్లెం మీద తన పొడుగాటి చెయ్యి అడ్డం పెట్టాడు. తీశాడు. మళ్లీ పెట్టాడు. "నోటితో చెబితే నమ్మరు," అని తనలో తను అనుకుని, లేచి లోపలికి వెళ్లిపోయాడు. పళ్లెం కూడా తీసుకెళ్లాడు.

లోపల ఆ మధ్యాహ్నం నేను చూసింది ఏ సినిమా పుస్తకంలోనూ చదవలేదు. అందరు కెమెరామెన్ లైట్లు పెడతారు. ఈయన తీయించాడు. తల్లి వేషం వేసే ఆవిడ ఇంకా భోజనం చేస్తోంటే, ఆవిడ కుర్చీలో మా ఆవిడని కూర్చోమన్నాడు. కంచిపట్టు చీర మీద నా చలికోటు వేసుకుని మా ఆవిడ అమెరికన్ బొగ్గు కార్మికుడి తల్లిలాగా కూర్చుంది. ఆయన వేలు ఎత్తితే ఒక లైటు ఆరిపోయేది. మళ్లీ వేలు ఎత్తితే ఇంకోటి.

"నన్ను ఇక్కడికి ఎందుకు పిలిచినట్టు? స్విచ్చి ఆపడానికి నేను అక్కర్లేదు, మా చెల్లెలు చాలు," అని గొణిగాడు ఎలక్ట్రీషియన్.

"ఇంకా ఆపమనండి, నా ముక్కు కనిపిస్తోంది," అంది మా ఆవిడ తెలుగులో. తర్జుమా చేసి చెప్పాను. ఆయన వెంటనే ఆ లైటు కూడా ఆపించాడు.

చివరికి బల్ల మీద దీపం ఒక్కటే మిగిలింది. మా ఆవిడ మొహం లేదు. గాజులున్నాయి. గాజులు కదిలితే ఆవిడ చెయ్యి ఎటు వెళ్తోందో తెలుస్తోంది, ఆగితే ఏదో ఆలోచిస్తోందని తెలుస్తోంది. పదేళ్లుగా ఆవిణ్ణి వెలుతురులో చూస్తున్న నాకు ఆ సంగతి అక్కడ చీకట్లో తెలిసింది.

అసలు నటి వచ్చి కూర్చుంది. మీటరు చూసి కెమెరా అసిస్టెంటు భయపడ్డాడు. "సార్, ముల్లు కదలడం లేదు. దీన్ని ఎవరూ కాపాడలేరు."

"అదే కావాలి. చెయ్యి అడ్డం పెడుతున్నాను," అన్నాడాయన. ఆ మాట మా ముగ్గురికి తప్ప ఎవరికీ అర్థం కాలేదు.

ఆదివారం నేను స్పెషల్‌గా డ్యూటీకి వెళ్లి ఆ డబ్బా ప్రింటు తీశాను. ఆయన ఫోన్ చేసి అడిగినట్టే రెండు తీశాను. ఒకటి పాతిక మీద, ఒకటి పదిహేడు మీద.

సోమవారం పదింటికి నిర్మాత వచ్చాడు. పొట్టిగా, చురుగ్గా, ఒంటెరంగు కోటులో, వెంట నలుగురితో. "నా మొహాలు వెలిగించింది ఎవరు?" అని నా చెయ్యి పట్టుకుని ఊపాడు. ఫోర్‌మన్ నన్ను చూసిన చూపులో ఆ చెయ్యి విరిగిపోతే బాగుండునన్న ఆశ కనిపించింది. కెమెరామన్ వెనక వరసలో నన్ను తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఆయన తన రెండు చేతులూ కుర్చీలో పెట్టి వాటి మీద కూర్చున్నాడు.

"తెర చూడకు, డాక్టర్. వీపులు చూడు," అన్నాడు చెవిలో.

ముందు మంగళవారం నాటి నా పదిహేడు. నేను ధారపోసిన వెలుగంతా ఉంది. అయిదు వీపులూ హాయిగా కుర్చీలకి ఆనుకున్నాయి. ఒకడు చూయింగ్ గమ్ విప్పాడు. ఒకడు గడియారం చూసుకున్నాడు. "బ్రహ్మాండం," అన్నాడు నిర్మాత, పక్కవాడితో మధ్యాహ్న భోజనం ఎక్కడో మాట్లాడుకుంటూ. ఆ మాటల మధ్య తల్లి ఏడ్చేసి, కళ్లు తుడుచుకుని, లేచి వెళ్లిపోయింది.

తర్వాత శనివారం నాటిది, పాతిక మీద. తెర నల్లబడింది. "ఏదీ? ఏం కనబడడం లేదే," అన్నాడు నిర్మాత. దీపం. గరిటె. గిన్నె అంచు. తల్లి చెయ్యి వడ్డిస్తూ వడ్డిస్తూ మధ్యలో ఆగింది.

ఒక వీపు కుర్చీని వదిలింది. ఇంకోటి వదిలింది. గమ్ నమిలే చప్పుడు ఆగింది. నిర్మాత వీపు అన్నిటికంటే ఆఖర్న లేచింది కానీ, లేచాక అన్నిటికంటే ముందుకి వెళ్లింది. మోచేతులు ముందు సీటు మీద పెట్టుకుని, మెడ చాపి, గోడ సందులోంచి పక్కింట్లోకి చూసే మనిషిలా అయిపోయాడు. నా పక్కన ఉన్నాయన ఊపిరి తీసుకోవడం మానేశాడు. నేనూ మానేశాను. ఇద్దరి ఊపిరీ ఫోర్‌మనే పీల్చాడు, అంత పెద్దగా వినిపించింది.

లైట్లు వెలిగాయి. నిర్మాత గొంతు సవరించుకున్నాడు. "బాగుంది. సరే, బాగుంది. కానీ నేను మా అమ్మకి ఏం చెప్పను? ఎనభై ఏళ్లావిడ. ఇలాంటి ఊళ్లోనే పుట్టింది. ఆవిడ చూడాలనే తీస్తున్నాను. ఇది కూడా ఆ మొదటిదానిలా కాస్త వెలిగించండి, గొడవ లేకుండా పోతుంది."

కెమెరామన్ నా వంక చూశాడు. నేను ఆపరేటర్‌కి సైగ చేశాను. మూడో రీలు, అదే శనివారం బొమ్మ పదిహేడు మీద తీసింది, తెర మీదికి వచ్చింది. బూడిద రంగు. నీళ్లు కలిపిన పలచటి మజ్జిగలో ఎవరో గరిటె తిప్పుతున్నట్టు ఉంది. అందులో తల్లి లేదు, కొడుకు లేడు. దీపం కూడా జబ్బు పడ్డట్టుంది.

"ఏంటిది?" అన్నాడు నిర్మాత.

నేనే లేచాను. నా కాళ్లు నన్ను అడక్కుండా లేచాయి. "ఇంక లేదు సార్. ఉన్నదంతా మీరు ఇందాక చూసిందే. ఇందులో ఎవరూ ఏమీ వెయ్యలేరు. నేను వేసి చూశాను."

నిర్మాత మొహం ఎర్రబడింది. కెమెరామన్ వైపు తిరిగాడు. "కావాలని చేశావా? ఎవరూ బాగుచెయ్యడానికి వీల్లేకుండా?"

"అవును," అన్నాడాయన. "కావాలంటే నన్ను పంపించెయ్యి. పంపించే ముందు ఒక్క సంగతి. నువ్వు ఇప్పుడు ఎక్కడ కూర్చున్నావో చూసుకో."

నిర్మాత తన కింద చూసుకున్నాడు. కుర్చీ కొసన, రెండు అంగుళాల మీద కూర్చుని ఉన్నాడు. ఒంటెరంగు కోటు ముందు సీటు వీపుకి నలిగి, మోచేతులకి దుమ్ము అంటుకుని ఉంది. వెంట వచ్చిన నలుగురూ అలాగే ఉన్నారు. గమ్ మనిషి నోరు తెరుచుకునే ఉంది.

నిర్మాత మెల్లగా వెనక్కి జరిగి కూర్చున్నాడు. కోటు దులుపుకున్నాడు. చాలాసేపు దులుపుకున్నాడు. చివరికి లేచి, గుమ్మం దాకా వెళ్లి, అక్కడ ఆగి, "అమ్మకి కొత్త కళ్లద్దాలు చేయిస్తాను," అని వెళ్లిపోయాడు. నలుగురూ ఆయన వెనకే పరుగెత్తారు.

తలుపు మూసుకోగానే ఆ పొడుగాటి మనిషి నన్ను రెండు చంకల కింద చేతులు వేసి ఎత్తేశాడు. యాభై దాటిన మనిషి, నేనేమో పులిహోర మీద పెరిగినవాణ్ణి. సీట్ల మధ్య సందులో ఇద్దరం ఏదో ఆయన దేశపు నాట్యం చేశాం. ఆయనకి అడుగులు తెలుసు, నాకు తెలియదు. ఖాళీ డబ్బాల దొంతర మీద పడ్డాం. డబ్బాలు మెట్ల మీదుగా దొర్లుకుంటూ రిసెప్షన్ దాకా వెళ్లాయి. ఫోర్‌మన్ జేబులోంచి చుట్ట తీసి నోట్లో పెట్టుకుని, నిజంగా ముట్టించి, వెంటనే భయపడి ఆర్పేశాడు.

కారిడార్ చివర ఫోన్ ఉంది. మా ఆవిడకి లైబ్రరీకి ఫోన్ చేశాను. అక్కడ గట్టిగా మాట్లాడకూడదు.

"ఉందా, పోయిందా?" అంది గుసగుసగా.

"ఉంది! ఆయన సినిమా ఆయనకే ఉంది!"

"హమ్మయ్య!" లైబ్రరీ అంతటికీ వినిపించేలా అరిచి, మళ్లీ గొంతు తగ్గించింది. "మరి మీ ఉద్యోగం?"

ఆ ఊసే నాకు తట్టలేదు. "అడగలేదు."

"అడక్కండి," అంది. "చప్పుడు చెయ్యకుండా వెళ్లి మిషన్ దగ్గర కూర్చుని పని చేసుకోండి. గుర్తొస్తే వాళ్లే చెప్తారు."

అలాగే వెళ్లి కూర్చున్నాను. పదకొండేళ్లు కూర్చున్నాను. ఎవరికీ గుర్తు రాలేదు.